గేమ్స్ ఫీజు ఎటు పోయిందండీ?

పోయిన నెల్లో ఒక ఆదివారం పొద్దున్నే మా చెల్లి ఫోన్ చేసింది. చెల్లంటే మా బాబాయి కూతురు. జంగారెడ్డిగూడెం దగ్గర్లో ఒక ప్రైవేటు కాలేజీలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. కాలేజీ పేరు అడక్కండి, చెప్పను. పిల్ల ఇంకా అక్కడే చదువుకోవాలి.

"అన్నయ్యా, ఒక రెండు వేలు పంపుతావా? నాన్నకి చెప్పకు" అంది.

మా చెల్లి ఎప్పుడూ డబ్బులడగదు. నాకు కాస్త కంగారేసి ఏంటమ్మా సంగతని అడిగితే అప్పుడు చెప్పింది. యూనివర్సిటీ అంతర కళాశాలల పోటీలకి 800 మీటర్ల పరుగులో వెళ్తోందట. రానూ పోనూ బస్సు, రెండు రోజుల తిండి, అక్కడ పడుకోడానికి ఏదో ఏర్పాటు. స్పైక్స్ మాత్రం ఒక సీనియర్ అమ్మాయి దగ్గర అరువు తీసుకుందట. సైజు ఒక నంబరు పెద్దది, ముందు దూది పెట్టుకుంటానంది.

"మరి కాలేజీ వాళ్ళు ఇవ్వరా?"

"బిల్లులు పెడితే తర్వాత ఇస్తారంట అన్నయ్యా. పోయినేడు వెళ్ళిన అక్కలకి ఇంకా రాలేదంట. మా పీడీ సారే ముగ్గురికి బస్సు టిక్కెట్లు ఆయన జేబులోంచి తీస్తానన్నారు. ఆయనకి మాత్రం ఎంతొస్తది చెప్పు, పాపం."

డబ్బులు పంపడానికి అర నిమిషం పట్టింది. కానీ మనసు ఊరుకోలేదు. "నీ ఫీజు రసీదు ఫొటో తీసి పంపు" అన్నా. పంపింది. ట్యూషన్ ఫీజు, స్పెషల్ ఫీజు, లైబ్రరీ, ల్యాబు, వాటి కింద చిన్నక్షరాల్లో "గేమ్స్ & స్పోర్ట్స్". అంటే పరుగెత్తడానికి ఆ పిల్ల ముందే డబ్బు కట్టింది. ఇప్పుడు రెండోసారి కడుతోంది. నా జేబులోంచి అనుకోండి, అది వేరే సంగతి.

అంతటితో ఆగితే నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి ఎందుకవుతాను? బగ్గు కనపడితే లాగులు తవ్వడం మన జబ్బు కదా. మా అమ్మ బీరువాలో దాచిన నా ఇంజనీరింగ్ రసీదులు కూడా ఫొటో తీయించా. 2014లో చేరి 2018లో బయటపడ్డా. నాలుగేళ్ళూ గేమ్స్ ఫీజు కట్టా. చేరినప్పుడు కాలేజీకి ఒక గ్రౌండుండేది. మూడో ఏట అందులో కొత్త బ్లాకు లేచింది. అప్పట్నించీ మా క్రికెట్టు బస్సులు పెట్టే చోట, సాయంత్రం బస్సులు వెళ్ళాక. మా పీడీ మేష్టారి డ్యూటీ ఏంటంటే పొద్దున్న గేటు దగ్గర ఐడీ కార్డులు చూడ్డం, పరీక్షలప్పుడు ఇన్విజిలేషన్, ఫెస్టులో జనాన్ని అదుపు చెయ్యడం. ఆయన ఒకప్పుడు యూనివర్సిటీకి వాలీబాల్ ఆడాడని మాకు ఫైనలియర్లో తెలిసింది.

కాలేజీ ఆఫీసులో తెలిసినాయనకి ఫోన్ చేసి "గేమ్స్ ఫీజు లెక్క ఎక్కడుంటుందండీ?" అని అడిగా. ఆయన నవ్వి "అదంతా జనరల్లో కలిసిపోద్ది బాబూ, విడిగా ఏముంటది?" అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఉన్నమాటే చెప్పాడు. నాకు అభ్యంతరమల్లా ఆ ఉన్నమాట తోనే.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఇది ఏ కాలేజీ లెక్కా కాదు, ఊరికే అనుకుందాం. రెండు వేల మంది పిల్లలు, మనిషికి ఏడాదికి 500 రూపాయలు. మొత్తం పది లక్షలు. అందులో సగం యూనివర్సిటీకి కట్టాలి, పోటీల ఎంట్రీలకి పోయింది అనుకుందాం. ఇంకా ఐదు లక్షలు మిగిలాయి. యాభై మందికి 2,500 చొప్పున మంచి బూట్లు కొంటే లక్షా పాతిక వేలు. ఏడాది మొత్తం మీద వందసార్లు ఎవరో ఒకరు పోటీకి వెళ్ళొస్తే, మనిషికి 1,500 చొప్పున లక్షన్నర. ఇంకా రెండు లక్షలా పాతిక వేలు చేతిలో ఉన్నాయి. బంతులు, నెట్లు, గ్రౌండు చదును చేయించడం, రోలరు తొక్కించడం, సున్నం గీతలు. సింథటిక్ ట్రాకు ఎవరూ అడగట్లేదండీ, అది కోట్ల వ్యవహారం. దూది అక్కర్లేని బూట్ల గురించి మాట్లాడుతున్నాం.

సరే, ఇలాంటి లెక్క ఎక్కడైనా బయట పెడతారా అని చూస్తే, అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలు కనపడ్డాయి. మనలో చాలామంది అమెరికాలో ఎమ్మెస్సులు చేసొచ్చినా వీటి గడప తొక్కం. ఇవి రెండేళ్ళ కాలేజీలు. ఫీజు తక్కువ, ఊళ్ళో వాళ్ళే ఎక్కువ. ఒక రకంగా మా జంగారెడ్డిగూడెం ఛత్రపతి శివాజీ త్రిశత జయంతి ప్రభుత్వ కళాశాల లాంటివి అనుకోవచ్చు. వీటి ఆటల కోసం 1938 నుంచీ ఎన్‌జేసీఏఏ అని ప్రత్యేకంగా ఒక సంఘమే ఉంది. నెట్‌ఫ్లిక్సులో 2016లో మొదలైన 'లాస్ట్ ఛాన్స్ యూ' చూసినవాళ్ళకి ఈ లోకం తెలిసే ఉంటుంది.

అక్కడ నాకు నచ్చింది ఆటలు కాదు, ఒక చట్టం. 1994లో ఈక్విటీ ఇన్ అథ్లెటిక్స్ డిస్‌క్లోజర్ యాక్ట్ అని తెచ్చారు. ఫెడరల్ ప్రభుత్వం పిల్లలకిచ్చే ఆర్థిక సాయం తీసుకుంటూ, మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి చదివే కాలేజీ ఏదైనా బయటి కాలేజీలతో పోటీ పడే జట్లు నడిపితే, ఏటా లెక్క చెప్పి తీరాలి. అబ్బాయిలెంతమంది ఆడారు, అమ్మాయిలెంతమంది, కోచ్‌లకి జీతమెంత, ఆటలకి వచ్చిందెంత, పోయిందెంత. పెద్ద యూనివర్సిటీలే కాదు, మారుమూల రెండేళ్ళ కాలేజీ కూడా చెప్పాలి. అదంతా విద్యాశాఖ వెబ్‌సైటులో పెడతారు. నేను హైదరాబాదులో మా ఇంట్లో కూర్చుని కాన్సస్‌లో ఒక చిన్న కాలేజీ బాస్కెట్‌బాల్ ఖర్చు ఐదు నిమిషాల్లో చూశా. నేను నాలుగేళ్ళు ఫీజు కట్టిన కాలేజీది మాత్రం ఈ జన్మకి చూడలేనేమో.

అమెరికా అంటే అంతా భేష్ అని నేననట్లేదు. ఆ లెక్కలు కాలేజీలు తమంతట తాము ఇచ్చేవే. చాలా కాలేజీలు ఖర్చెంతో ఆదాయం కూడా సరిగ్గా అంతే చూపిస్తాయి, లోటుని కాలేజీ సొమ్ముతో పూడ్చి. కొన్ని చిన్న కాలేజీలు జట్లు పెట్టేదే ఆ వంకన నలుగురు పిల్లలు చేరతారని. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో ఆటలకని స్కాలర్‌షిప్పే ఇవ్వరు. ఇక పై అంతస్తులో చూస్తే 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో, పెద్ద యూనివర్సిటీలు ఏడాదికి రెండు కోట్ల డాలర్ల పైచిలుకు ఆటగాళ్ళకి నేరుగా పంచొచ్చు. కింద ఎండ, పైన వాన. అయినా సరే, లెక్క కాగితమ్మీద ఉంటే తగువు పెట్టుకోడానికైనా వీలుంటుంది. మనకి తగువుకి కూడా ఆధారం లేదు.

ఇక్కడ మీలో కొందరు "ఉద్యోగాల్లేక పిల్లలు ఏడుస్తుంటే ఆటలేంటి బాబూ" అనొచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే అనేవాణ్ణి. కానీ ఒకసారి మా మెట్ట ప్రాంతం వచ్చి చూడండి. తెల్లారుజామున ఐదింటికి జంగారెడ్డిగూడెం నుంచి బుట్టాయిగూడెం రోడ్డు మీద కుర్రాళ్ళు పరుగెడుతుంటారు, అమ్మాయిలు కూడా. లారీలకి పక్కకి తప్పుకుంటూ. వాళ్ళెవరూ ఒలింపిక్స్‌కి వెళ్ళట్లేదు. పోలీసు కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలో 1600 మీటర్లు పరుగెత్తాలి. అగ్నివీర్‌కి కూడా ఆ 1.6 కిలోమీటర్లే. ఏజెన్సీ నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండి చదువుకునే కోయ పిల్లలకి, కౌలురైతుల పిల్లలకి పెద్ద ఉద్యోగమంటే అదే. మనకి కోడింగ్ ల్యాబు ఎలాగో వాళ్ళకి గ్రౌండు అలాగ. ల్యాబు ఫీజు కట్టించుకుని ల్యాబు లేకపోతే మనం ఊరుకునేవాళ్ళమా?

పోనీ పతకాల సంగతే చూద్దాం. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ, తండ్రి సెక్యూరిటీ గార్డు. 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన అఖిల భారత అంతర విశ్వవిద్యాలయాల పోటీల్లో ఆచార్య నాగార్జున యూనివర్సిటీ తరఫున 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకండ్లలో పరుగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 13.38, అనురాధ బిస్వాల్ 2002లో పెట్టింది. రికార్డు బద్దలైనట్టే కదా? కాలేదు. అక్కడ డోపింగ్ పరీక్ష చెయ్యలేదు, అథ్లెటిక్స్ ఫెడరేషన్ సాంకేతిక ప్రతినిధి లేరు. కాబట్టి లెక్కలోకి రాదన్నారు. ఆ అమ్మాయి పేరు రికార్డు పుస్తకంలోకి ఎక్కడానికి 2022 మే దాకా పట్టింది. తర్వాత 2023లోనూ 2025లోనూ ఆసియా ఛాంపియన్ అయింది, 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో పరుగెత్తింది. మన వాళ్ళ కాళ్ళలో లోపం లేదండీ. కాలేజీ స్థాయిలో ఏర్పాట్లు చూసేవాళ్ళే లేరు.

పైన డబ్బు లేదా అంటే ఉంది. 2024లో ప్రకటించిన రాష్ట్ర క్రీడా విధానంలో ఒలింపిక్ స్వర్ణానికి ఏడు కోట్లు ఇస్తామన్నారు, ఉద్యోగాల్లో క్రీడల కోటా రెండు నుంచి మూడు శాతం చేస్తామన్నారు. మంచిదే, ఇవ్వాల్సిందే. కానీ ఏడు కోట్లు ఇచ్చేది గెలిచాక. గెలవడానికి ముందు అక్కర్లేదా? ఆ రెండు వేలు ఎవరిస్తారు?

కాలేజీల వైపు కూడా ఒక మాట చెప్పాలి. ఫీజు రీయింబర్స్‌మెంటు నెలల తరబడి రాకపోతే ముందు జీతాలు చూసుకుంటారు, బంతులు కాదు. నిజమే. కానీ రీయింబర్స్‌మెంటు ఆలస్యమైనా గేమ్స్ ఫీజు పిల్లల దగ్గర ముందే వసూలవుతోంది కదా. ఒక పని పేరు చెప్పి తీసుకున్న డబ్బు ఇంకో పనికి వాడుకుంటే, కష్టాల్లో ఉండి వాడుకున్నా, కనీసం ఆ సంగతి చెప్పాలి. న్యాక్ వాళ్ళు వచ్చేటప్పుడు మాత్రం క్రీడా సదుపాయాలు, పిల్లలకొచ్చిన పతకాలు అన్నీ ఫొటోలతో సహా బయటికొస్తాయి. వాళ్ళకి చూపించింది పిల్లలకి కూడా చూపిస్తే సరిపోతుంది :)

నేనడిగేది చాలా చిన్నది. ఏడాదికి ఒక కాగితం, నోటీసు బోర్డు మీద. గేమ్స్ ఫీజు ఎంత వసూలైంది, యూనివర్సిటీకి ఎంత కట్టాం, ఏ ఆటకి ఎంత ఖర్చుపెట్టాం, అబ్బాయిలకెంత, అమ్మాయిలకెంత, ఎంత మిగిలింది. ఎక్సెల్లో గంట పని. రెండోది, ప్రయాణం డబ్బు పిల్లలకి ముందే చేతికివ్వడం. ఆఫీసర్లు టూరుకి వెళ్తే అడ్వాన్సు ఇస్తారుగా, పిల్లలకెందుకివ్వరు?

అడగడానికి దారి కూడా ఉంది. ప్రభుత్వ కాలేజీ అయినా, యూనివర్సిటీ అయినా 2005 నాటి సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయి, ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. ప్రైవేటు కాలేజీ మీకు నేరుగా చెప్పకపోవచ్చు. కానీ వాళ్ళు క్రీడల పేరుతో యూనివర్సిటీకి ఎంత కట్టారో యూనివర్సిటీని అడగొచ్చు. నేను దరఖాస్తు రాస్తున్నా. జవాబొస్తే ఇక్కడే పెడతా.

ఇంకోటి, మన గురించి. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో పదేళ్ళ వేడుకకని తలా ఐదు వేలు వేసుకుని రిసార్టులో భోజనాలు చేస్తాం. తప్పని కాదు, నేనూ వెళ్ళా. అందులో ఒక వాటా మన ఊరి కాలేజీలో పరుగెత్తే పిల్లల బూట్లకి పెడితే బావుంటుంది. కాకపోతే ఒక షరతు. మనమిస్తున్నాం కదాని కాలేజీ తన లెక్క చెప్పడం మానెయ్యకూడదు. మన చందా ఫీజుకి బదులు కాకూడదు, ఫీజు మీద అదనం కావాలి.

మా చెల్లికి నాలుగో స్థానం వచ్చింది. మూడో అమ్మాయికీ తనకీ మధ్య ఒక్క అడుగేనట. "బూటు జారింది అన్నయ్యా" అంది నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. సొంత బూట్లు కొనిపెట్టా, ఈసారి సరైన సైజువి. బస్సు టిక్కెట్లు, హోటల్ చీటీలు జాగ్రత్తగా అంటించి కాలేజీలో బిల్లు పెట్టమన్నా. పెట్టింది. ఇంకా రాలేదు.

మీ పాత రసీదులు ఎక్కడైనా ఉంటే ఒకసారి తీసి చూడండి. ఆ చిన్నక్షరాల లైను మీదాంట్లో కూడా ఉండే ఉంటుంది.