పదిహేడవ అధికరణం

బీడీకట్టపై వ్యాధి బొమ్మ చూడనివారు నేడు అరుదు. ఆ బొమ్మకు జెనీవాలోని ప్రపంచ ఆరోగ్య సంస్థకు గల సంబంధం ఎరిగినవారు కొందరే.

2003 మే నెలలో ఆ సంస్థ సభ్యదేశాలు పొగాకు నియంత్రణకై ఒక ఒడంబడికను ఆమోదించాయి. 2004లో భారతదేశం దానిని ధ్రువీకరించింది. క్యాన్సరు, గుండెజబ్బు, ఊపిరితిత్తుల రోగం వంటి దీర్ఘవ్యాధులకు పొగాకు కారణమని వైద్యశాస్త్రం తేల్చిన పిమ్మట, దీనిని విదేశీ జోక్యమని నిందించేవారితో మేము ఏకీభవించలేము.

మా ఆక్షేపణ వేరు. అట్టమీది హెచ్చరిక కనీసం 30 శాతం స్థలం ఆక్రమించాలనీ, మూడేళ్లలో ఇది అమలు కావాలనీ ఆ ఒడంబడికలోని పదకొండవ అధికరణం శాసిస్తున్నది. మన ప్రభుత్వం 2009లో బొమ్మలు ప్రవేశపెట్టింది. 2016లో హెచ్చరికను 85 శాతానికి పెంచింది. అడిగినదానికంటె ఎక్కువే చేసింది, సంతోషం. పదిహేడవ అధికరణం పొగాకు రైతులకు, కార్మికులకు వేరొక జీవనోపాధిని ప్రోత్సహించవలెనంటుంది. కాని 'సముచితమైన మేరకు' అన్న మెత్తని మాటను వెంట తెచ్చుకొన్నది. గడువు లేదు, శాతం లేదు. వ్యాకరణం బోధించేవారము గనుక, విధి ఎక్కడ బిగిసిందో ఎక్కడ సడలిందో మాకు ఇట్టే కనబడుతున్నది. ఢిల్లీలోని అధికారులకూ కనబడే ఉంటుంది.

నిజామాబాదు, జగిత్యాల, నిర్మల్ ప్రాంతాలలో చాట ఒడిలో పెట్టుకొని తునికాకులో తంబాకు చుట్టే స్త్రీలు వేలాదిగా ఉన్నారు. వారిలో మా విద్యార్థినుల తల్లులూ ఉన్నారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. పరదా వదలకుండా, గడప దాటకుండా దొరికే పని మరొకటి లేక వారు దీనిని పట్టుకొన్నారు. తంబాకు ధూళి పీల్చి దగ్గే ఆ తల్లికి ఏ బొమ్మా హెచ్చరిక కాదు. బీడీ తాగేవారు తగ్గినకొద్దీ ఆమెకు పని తగ్గుతుంది. తగ్గవలసిందే, కాని ఆ పూట అన్నం ఎవరు పెడతారు? తెలంగాణలో బీడీ కార్మికులకు నెలనెలా భృతి ఉన్నది. మేలే. అయితే భృతి వేరు, మారుపని వేరు. కొన్ని శిక్షణలు జరగకపోలేదు గాని, అవి ఇంటి గడపదాకా రాలేదన్నదే మా అభిప్రాయం.

కళాశాల కమిటీవారికి ఒక మనవి. వేసవి సెలవులలో మన విద్యార్థినులను ఆ ఇళ్లకు పంపి, ఏ పని నేర్వదలచారో తెలుగులోను ఉర్దూలోను వ్రాయించి తెప్పించండి. ఆ కాగితాలను కార్మిక శాఖకు చేర్చే బాధ్యత మా తెలుగు శాఖ వహిస్తుంది.