టిక్కెట్టుపై మూడు గంటలు

హైదరాబాదు నుంచి జిద్దాకు ఆకాశమార్గాన దాదాపు 4,100 కిలోమీటర్లు. నేరుగా వెళ్ళే విమానానికి సుమారు అయిదున్నర గంటలు పడుతుంది. అయితే టిక్కెట్టు చూసినవారు తరచూ పొరబడుతుంటారు. ఉదయం 10 గంటలకు బయలుదేరే విమానం అయిదున్నర గంటలు ఎగిరినా, చేరే వేళ మధ్యాహ్నం 1 గంట అనే ఉంటుంది. సౌదీ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక ఉండడమే కారణం.

ఈ పొరపాటు చిన్నది కాదు. ఉమ్రాకు వెళ్ళే పెద్దల్లో షుగరు వ్యాధి ఉన్నవారు ఎందరో. విమానాశ్రయంలో నిరీక్షణ, దిగాక తనిఖీలు, మక్కాకు మరో 80 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం కలిపితే పగలంతా గడిచిపోతుంది. మందు, భోజనం వేళ తప్పితే ప్రమాదం. మీఖాత్ సైతం విమానంలో ఉండగానే దాటిపోతుంది. ఇహ్రాం సంగతి జిద్దాలో చూసుకుందామనుకోరాదు.

1995 వరకు హాజీలు ముంబయి నుంచి ఓడలోనూ వెళ్ళేవారు. రోజుల తరబడి సాగే ఆ ప్రయాణానికి ఇంటిల్లిపాదీ కూర్చుని సామాను సర్దేవారు. విమానం వచ్చిందని ఆ శ్రద్ధ మానరాదు. తల్లిదండ్రుల చేతిసంచిలో మందులు, కాస్త తినుబండారం ఉంచి, చేరే వేళను రెండు దేశాల సమయాల్లోనూ కాగితంపై రాసివ్వడం బిడ్డల బాధ్యత.