బావి నీళ్ళు, నిమ్మచెక్క

బల్కంపేట ఎల్లమ్మ గుడిలో అమ్మవారు గద్దె మీద ఉండదు, నేలమట్టానికి దిగువన బావిలో ఉంటుంది. ఆ బావి నీళ్ళే తీర్థం. ఒంటి మీద చల్లుకుంటే చర్మరోగాలు పోతాయని భక్తుల నమ్మకం. ఆషాఢంలో మొదటి మంగళవారం కల్యాణం నాడు ఆ రోడ్డు మీద కాలు పెట్టడానికి చోటుండదు. అక్కడికి దగ్గర్లోనే అమీర్‌పేట మైత్రీవనం, దాని చుట్టూ కోచింగ్ సెంటర్లు, వాటిని ఆనుకుని లేడీస్ హాస్టళ్ళు. జావా, పైథాన్ నేర్చుకోవడానికి ఊళ్ళ నుంచి వచ్చిన అమ్మాయిలను బావి నీళ్ళ గురించి అడగండి, చాలామంది నవ్వేస్తారు. వాళ్ళే ఆదివారం పొద్దున్న శనగపిండిలో పెరుగు, చిటికెడు పసుపు కలిపి, సగం నిమ్మచెక్క పిండి, మొహానికి పట్టించుకుని ఇరవై నిమిషాలు నోరు కదపకుండా కూర్చుంటారు. అది మూఢనమ్మకమట, ఇది మాత్రం చిట్కా. ఎందుకంటే ఇది వంటింటిది, కెమికల్స్ లేనిది, అమ్మమ్మ చెప్పినది.

నాకు ఈ రెంటికీ అంత దూరం కనబడదు. భక్తుడి దగ్గరున్న సాక్ష్యం ఒకటే: చల్లుకున్నాను, తగ్గింది. ఫేస్‌ప్యాక్ వాళ్ళదీ అదే: పూసుకున్నాను, తగ్గింది. చర్మం విషయంలో ఈ మాట మరీ తేలిగ్గా మోసం చేస్తుంది, ఎందుకంటే చర్మం తనంతట తనే మారుతుంటుంది. మొటిమలు ఒక వారం లేస్తాయి, ఒక వారం అణుగుతాయి. పై పొర నాలుగైదు వారాల్లో రాలిపోయి కొత్తదొస్తుంది. మనం ప్యాక్ మొదలుపెట్టేదేమో మొటిమలు బాగా ముదిరి అద్దం చూసుకోవడానికి బెంగ పుట్టిన రోజున. అంత ముదిరినవి ఎలాగూ కొంత దిగుతాయి. ఆ పుణ్యం శనగపిండికి దక్కుతుంది. రాసుకోకపోతే ఏమయ్యేది? ఏటా మృగశిర కార్తెకు పంచే చేపమందు విషయంలో జనవిజ్ఞాన వేదిక ఆధారాలు చూపమని అడిగిందంటే, అడుగున ఉన్నది ఈ ప్రశ్నే. మన హేతువాదులు గుడి మెట్ల దగ్గర దాన్ని గట్టిగానే అడుగుతారు. వంటింటి గడప దగ్గరికి వచ్చేసరికి ఎందుకో మొహమాటపడతారు.

పసిపిల్లల నలుగు చూడండి. పుట్టిన బిడ్డకు భుజాల మీద, వీపు మీద సన్నని నూగు ఉంటుంది. సున్నిపిండితో రోజూ రుద్దుతారు. కొన్ని వారాలకు నూగు రాలిపోతుంది, నలుగు పనిచేసిందంటారు. ఏమీ రుద్దని పిల్లలకూ అది రాలిపోతుంది. తల్లి కడుపులో మొలిచిన నూగు అది, బయటికొచ్చాక ఎక్కువకాలం నిలవదు. ఆ నలుగుతోనే రంగు కూడా తేలుతుందని ఇంకో నమ్మకం. నిజానికి పుట్టినప్పుడు బిడ్డ చర్మంలో మెలనిన్ పూర్తి స్థాయిలో ఉండదు, నెలలు గడిచేకొద్దీ ఛాయ ముదురుతుంది. అంటే ఇక్కడ ఫలితం ఎదురు తిరిగింది. అప్పుడైనా నలుగును అనుమానిస్తారా? లేదు. స్నానం పోసే ఆమె సరిగా రుద్దలేదంటారు, కడుపుతో ఉన్నప్పుడు తల్లి కుంకుమపువ్వు పాలు వేళకు తాగలేదంటారు. నెగ్గితే నలుగు గొప్ప, ఓడితే ఆడవాళ్ళ తప్పు. ఈ గొడవతో సంబంధం లేకుండా గీరుకుపోయేది మాత్రం పెద్దవాళ్ళకంటే పల్చగా ఉండే ఆ పిల్ల చర్మం.

ఇక నిమ్మచెక్క. దీని దగ్గర కాస్త ఆగాలి. మంగు మచ్చలకు, మోచేతుల నలుపుకు, ఎండకు కమిలిన మొహానికి నిమ్మచెక్క రుద్దడం మన ఇళ్ళలో ఎంత మామూలో చెప్పనక్కర్లేదు. నిమ్మలో విటమిన్ సి ఉంది కదా అని వాదన. ఉంది. 100 మిల్లీలీటర్ల రసంలో అటూ ఇటూగా 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. పరీక్షల్లో చర్మంలోకి దిగి కాస్త ఫలితం చూపించిన సీరమ్‌లలో ఉండేది 10 నుంచి 20 శాతం. మూడు వందల రెట్లకు పైగా తేడా. పులుపు మాత్రం పూర్తిగా దొరుకుతుంది. చర్మం పీహెచ్ 5 దరిదాపుల్లో, నిమ్మరసానిది 2 దరిదాపుల్లో ఉంటాయి. ఆ లెక్కలో ఒక్కో మెట్టుకు పదిరెట్లు, కాబట్టి మూడు మెట్ల తేడా అంటే వెయ్యి రెట్ల ఆమ్లం. రాసుకున్నప్పుడు చుర్రుమనడం పనిచేస్తున్నదనడానికి గుర్తు అనుకుంటారు. అది కాలడానికి గుర్తు.

అసలు కథ ఇంతకంటే తమాషాగా ఉంటుంది. బొల్లి మచ్చలకు మన దేశంలో ఎప్పటినుంచో బావంచాలు నూరి పూసి ఎండలో కూర్చోబెట్టేవారు. 1933లో మైసూరు రసాయన శాస్త్రజ్ఞులు ఆ గింజల్లోంచి ఒక పదార్థాన్ని వేరు చేశారు. అదే సోరాలెన్. అది చర్మం మీద ఉండగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే కణాల డీఎన్ఏకు అతుక్కుంటుంది. మోతాదు కుదిరితే తెల్లమచ్చలో మళ్ళీ రంగు పుట్టవచ్చు. మోతాదు తప్పితే బొబ్బలెక్కుతుంది. 1940ల్లో ఈజిప్టు వైద్యుడు ఎల్ మోఫ్తీ వేరే మొక్క నుంచి వచ్చిన, సోరాలెన్‌కు దగ్గరి చుట్టమైన పదార్థంతో ఇదే చికిత్స చేశాడు. 1970ల్లో వచ్చిన ‘పూవా’ చికిత్స కూడా ఆ దారిలోదే. నాటువైద్యం గెలిచిన సందర్భం ఇది, ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ గెలిచింది ఎలా? గింజలో ఏముందో విడదీసి, ఎంతైతే మందో ఎంతైతే విషమో కొలిచి.

ఆ సోరాలెన్ కుటుంబానికి చెందినవే నిమ్మలోనూ ఉన్నాయి. రసంలో కొద్దిగా, తొక్కలో దానికి పదుల రెట్లు. మనం రుద్దేది తొక్కతో ఉన్న చెక్కనే. అంటే బొల్లి ఉన్నవాళ్ళకు రంగు తెప్పించే రసాయనాల బంధువులను, రంగు తగ్గడానికని మొహానికి రుద్దుకుని, మిట్టమధ్యాహ్నం పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఎర్రలైటు కింద బండి మీద నిలబడుతున్నాం. అందరికీ ఏదో అవుతుందని కాదు. బాగా కడుక్కుని నీడపట్టున ఉంటే ఏమీ కాకపోవచ్చు. అయినవాళ్ళకు మాత్రం ఒకటి రెండు రోజులు గడిచాక ఎర్రబడుతుంది, మండుతుంది, తర్వాత ముదురు మచ్చ నెలల తరబడి కూర్చుంటుంది. వెంటనే కాక ఆలస్యంగా రావడంతో నిమ్మను ఎవరూ అనుమానించరు. ఎండను తిడతారు, రోడ్డు మీది దుమ్మును తిడతారు, హాస్టల్ బోరు నీళ్ళను తిడతారు. ఆ మచ్చ పోవడానికి మళ్ళీ నిమ్మచెక్కే.

పసుపు మీద మాట అంటే కొందరికి కోపం వస్తుంది. అమెరికావాళ్ళే పేటెంట్ కొట్టేయబోయారు, అంత గొప్ప మందు కాకపోతే ఎందుకు తీసుకుంటారు అంటారు. గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి 1995లో పేటెంట్ ఇచ్చారు, మన సీఎస్ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది, నిజమే. కానీ మనవాళ్ళు అక్కడ నిరూపించింది పసుపు వాడకం కొత్త సంగతి కాదని. పసుపు పనిచేస్తుందని కాదు. ఆ రెండూ వేర్వేరు కేసులు. పసుపులో ఉండే కర్క్యుమిన్ ప్రయోగశాలలో సూక్ష్మజీవులను అణచడం, వాపు తగ్గించడం వంటివి చూపిస్తుంది. పసుపు కొమ్ములో అది మూడు శాతం చుట్టుపక్కల. నీళ్ళలో సరిగా కరగదు, వెలుతురుకు నిలవదు. 2017లో దాని మీద వచ్చిన ఒక పెద్ద సమీక్ష, 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగాయని, పకడ్బందీగా చేసిన వాటిలో నెగ్గినది కనబడలేదని తేల్చింది. మొహానికి పసుపు పూసుకుంటే మనకు ఖాయంగా దక్కేది పసుపు రంగు, ఆ పూట తయారైన మొహమంటూ పక్కవాళ్ళు అనే నాలుగు మంచి మాటలు. అది తక్కువేమీ కాదు లెండి. లూజుగా అమ్మే పొడి మరీ కళ్ళు జిగేలుమనేలా ఉంటే మాత్రం అనుమానించాలి. మెటానిల్ ఎల్లో వంటి రంగు, బంగ్లాదేశ్‌లోనైతే సీసం ఉన్న లెడ్ క్రోమేట్ కూడా పసుపులో పట్టుబడ్డాయి.

ముల్తానీ మట్టి నూనె పీల్చుకుంటుంది, అంతవరకు నిజం. ఒంట్లో విషాలు లాగేస్తుందనడం అబద్ధం, ఆ పనికి కాలేయం, మూత్రపిండాలు ఉన్నాయి. శనగపిండి, పెసరపిండి జిడ్డును, మృతకణాలను తుడిచేస్తాయి. కడిగిన వెంటనే మొహం తేటగా కనబడేది అందుకే, సాయంత్రానికి మామూలే. తామర మీద వెల్లుల్లి నూరి కట్టేవాళ్ళు చర్మం కాల్చుకుని ఆసుపత్రికి వస్తారు, తామర మాత్రం అక్కడే ఉంటుంది.

ఇదంతా చదివి సహజమైనదంటేనే నాకు పడదనుకోవద్దు. కొబ్బరినూనెను ఫిలిప్పీన్స్‌లో ఎగ్జిమా ఉన్న 117 మంది పిల్లల మీద మినరల్ ఆయిల్‌తో పోల్చి చూశారు, కొబ్బరినూనే మెరుగని 2014లో ప్రకటించారు. ఢాకాలో నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు పొద్దుతిరుగుడు నూనె పూస్తే, ఆసుపత్రిలో అంటుకునే ఇన్ఫెక్షన్లు పూయని వారితో పోలిస్తే 41 శాతం తగ్గాయి. ఈ ఫలితం 2005లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చింది. పక్కన ‘పూయని’ పిల్లలు ఉన్నారు చూశారా, విలువంతా వాళ్ళది. చర్మవైద్యులు దీన్నే ఒక మనిషి మీద కూడా చేస్తారు: ఒక చెంపకు మందు, రెండో చెంపకు ఏమీ లేదు. దీనికి లేబొరేటరీ అక్కర్లేదు. మీ ప్యాక్‌ను ఆరు వారాలు ఎడమ చెంపకే రాయండి. వారానికోసారి అదే కిటికీ దగ్గర, అదే వేళకు ఫోటో తీయండి. ఏ చెంపకు రాశారో తెలియని స్నేహితురాలిని చూడమనండి. నిమ్మ ఉన్న ప్యాక్ అయితే ఈ ప్రయోగం కూడా వద్దు. సగం మొహానికి పసుపుతో పెళ్ళిచూపులకు కూర్చోమని కూడా నేను అనను.

పెళ్ళిచూపుల మాట ఊరికే రాలేదు. ఈ చిట్కాల్లో చాలా వాటి అడుగున ఉన్నది ఆరోగ్యం కాదు, రంగు. హబ్సిగూడ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఎస్తోనియా తదితర దేశాల వారితో కలిసి దక్షిణాదికి చెందిన 1228 మంది చర్మపు రంగును పరికరంతో కొలిచి, 2013లో ఫలితాలు ప్రకటించారు. ఎస్ఎల్‌సీ24ఏ5 అనే ఒక్క జన్యువులోని ఒక్క అక్షరం మార్పు ఆ రంగుల తేడాలో దాదాపు 27 శాతాన్ని నిర్ణయిస్తోంది. భారత ఉపఖండంలోని 54 జనసమూహాల్లో వెతికితే ఆ మార్పు చాలాచోట్ల కనబడింది. మిగతా తేడా ఇతర జన్యువులది, ఎండది. చామనఛాయ అంటే మురికి కాదు, రుద్దితే పోయే పొరా కాదు. పెళ్ళి సంబంధం ప్రకటనలో ‘ఫెయిర్’ అని రాసే తండ్రికి శనగపిండి చేయగల సాయం లేదు.

పంజాగుట్ట నుంచి కొండెక్కితే బంజారా హిల్స్. రోడ్ నంబరు వన్ నుంచి ట్వెల్వ్ దాకా బోర్డులు చూసుకుంటూ వెళ్ళండి, వంటింటి నమ్మకమే ఏసీ గదిలో పెద్ద బిల్లుతో కనబడుతుంది. లేజర్‌కూ, డాక్టరు రాసే మందులకూ వాటి చోటు వాటికి ఉంది, అందర్నీ ఒకే గాటన కట్టను. రంగు కోసం గ్లూటాథయోన్ ఇంజెక్షన్లు మాత్రం వేరే జాతి. ఆ ఫ్యాషన్ బాగా ప్రబలిన ఫిలిప్పీన్స్‌లోనే ఔషధ నియంత్రణ సంస్థ 2019లో ప్రజలను హెచ్చరించాల్సి వచ్చింది. అక్కడ కూడా అమ్మకపు మాట ఒకటే: మీ ఒంట్లో ఉండేదే, సహజమైనదే.

ఈ మాట మీద నమ్మకం కుదిరాకే పేరూ ఊరూ లేని ‘హెర్బల్’ క్రీములు ఇంట్లోకి వస్తాయి. 2011లో అచ్చయిన ఒక అధ్యయనంలో దేశంలోని చర్మ ఓపీలకు మొహం సమస్యతో వచ్చిన 2926 మందిని అడిగితే, 433 మంది మొహానికి స్టెరాయిడ్ క్రీములు వాడుతున్నట్టు తేలింది. 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదంది. కేరళలోని మలప్పురంలో 2023 ప్రాంతంలో మూత్రంలో ప్రొటీన్ పోతూ, కాళ్ళు వాచి వచ్చిన రోగులను ఆరా తీస్తే చాలామంది తెల్లబరిచే క్రీములు వాడినవారే. ఆ డబ్బాల్లో దొరికింది పాదరసం. మన చట్టం ప్రకారం మొహానికి రాసే సౌందర్య సాధనాల్లో పొరపాటున కూడా అది పది లక్షల్లో ఒక వంతు మించకూడదు. మూలికల పేరుతో కొన్న క్రీము రాసిన పది రోజులకే మొహం మెరుస్తుంటే, మానగానే మంటా ఎరుపూ వస్తుంటే, ఇంకో చిట్కా వెతక్కుండా చర్మ విభాగం ఓపీకి వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు డబ్బా కూడా పట్టుకెళ్ళాలి. డాక్టరు చూడాల్సింది మొహాన్నొక్కదాన్నే కాదు, అవసరమైతే మూత్ర పరీక్ష కూడా రాయాల్సి రావచ్చు.