సంచీలో నిఘంటువు, నోటికి రాని మాటలు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు 2021లో పుస్తకాల సంచీతోపాటు ఇంగ్లీషు నిఘంటువు కూడా ఇచ్చిన విషయం విదితమే. చిన్న తరగతుల వారికి బొమ్మలది అందింది. అయినా పదో తరగతి గట్టెక్కి ఇంటర్‌లోనో, పాలిటెక్నిక్‌లోనో చేరిన పల్లె పిల్లలు పాఠంలోని మాటల దగ్గరే ఆగిపోతున్నారు. లెక్క వచ్చి కూడా, ప్రశ్న అర్థంగాక వదిలేసేవారున్నారు.

రోజుకు పది మాటలు వల్లె వేయించినందువల్ల ఒరిగేది స్వల్పం. వారం తిరిగేసరికి చాలావరకు మరుపున పడతాయి. మాటలకూ కుటుంబాలున్నాయి. ట్రాన్స్‌ఫర్, ట్రాన్స్‌పోర్ట్ అన్నవి చదువురాని రైతు నోట కూడా వినవస్తాయి. లాటిన్‌లో ‘ట్రాన్స్’ అంటే అవతలికి. ‘పోర్ట్’కు మూలం మోయడం. ఈ రెండూ తెలిస్తే, రొయ్యల ఎక్స్‌పోర్ట్ అంటే సరుకు బయటికి పంపడమని, ఇంపోర్ట్ అంటే లోపలికి తేవడమని ఏడో తరగతి కుర్రవాడు సైతం పోల్చుకోగలడు. నారుమడి నుంచి నారు తీసి పొలంలో నాటడాన్ని వ్యవసాయ పుస్తకాల్లో ట్రాన్స్‌ప్లాంటింగ్ అంటారు. ఇది తల్లి ఏటా చేసే పనే!

పీరియడులో నిఘంటువు తెరిపించే ఉపాధ్యాయులు లేకపోలేదు. మిగిలినచోట్ల అది అట్ట నలగకుండా అటకెక్కింది. బడి కమిటీ సమావేశాల్లో మధ్యాహ్న భోజనం గురించి నిలదీసే తల్లిదండ్రులు దీని గురించి మాత్రం అడగడం లేదు.