స్కాన్ గదిలో స్త్రీ కావాలి, మన ఇంటి ఆడపిల్ల మాత్రం వద్దా?

శ్రీకాకుళం జిల్లాలో మన జనాభా నూటికి ఒక్కరు కూడా కాదు. అక్కుపల్లి తీరం మొదలుకొని పలాస, టెక్కలి వరకు చెదురుమదురుగా ఉన్న మన కుటుంబాలలో ఒక స్త్రీకి స్కానింగు అవసరమైనప్పుడు ఇంటివారు వేసే మొదటి ప్రశ్న అందరికీ తెలిసినదే: "లోపల ఆడమనిషి ఉందా?" ఆ ప్రశ్నలో తప్పు లేదు. కడుపు మీది వస్త్రం తొలగించుకొని అపరిచితుని చేతి కింద పడుకోవలసిన స్త్రీకి ఆ మాట అడిగే హక్కున్నది. ముస్లిం స్త్రీకే కాదు, పలాస జీడి పరిశ్రమలో పప్పు ఒలిచే కూలి స్త్రీకీ ఉన్నది. అయితే అదే ఇంట్లో ఇంటరులో బైపీసీ చదివిన అమ్మాయి "నేను రేడియాలజీ చదువుతాను" అన్నప్పుడు వచ్చే జవాబు కూడా అందరికీ తెలిసినదే. ఈ రెండు మాటలూ ఒకే నోటి నుంచి వస్తున్నాయి. మేము ఆక్షేపిస్తున్నది దీనినే.

ఉద్దానంలో ఇది బిడియానికి సంబంధించిన చిన్న సమస్య కాదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా ఇళ్ళను ఖాళీ చేస్తున్నది. కారణం నేటికీ తేలలేదు. ఆ వ్యాధి చాలాకాలం నొప్పి కూడా లేకుండా లోలోపల పెరుగుతుంది. రక్తంలో క్రియాటినిన్ చెప్పేది ఒక సంగతి. మూత్రపిండం రాయి అడ్డుపడి వాచినదా, ఏళ్ళ తరబడి దెబ్బతిని కుంచించుకుపోయినదా అన్నది చెప్పేది అల్ట్రాసౌండు. "ఆడమనిషి లేదట" అని వెనుదిరిగిన ఇల్లాలు ఎన్ని నెలలు పోగొట్టుకుంటుందో, ఆ నెలలు ఆమెను డయాలసిస్‌కు ఎంత దగ్గర చేస్తాయో ఊహించుకోవచ్చు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైనవి. భవనం వచ్చింది, సంతోషం. ఆ భవనంలోని స్కాన్ గది నియమాలను ఎవరు రాస్తారన్నది మా ప్రశ్న.

అందుకే మేము ఉద్యోగం గురించి కాక నాయకత్వం గురించి మాట్లాడుతున్నాము. కాంట్రాక్టు మీద వచ్చిన ఒక అమ్మాయి తన ముందున్న రోగికి తెర వేయగలదు. ఏ పూట ఎవరు డ్యూటీలో ఉండాలో, బట్టలు మార్చుకొనే గది ఎక్కడ కట్టాలో, ఏ యంత్రం కొనాలో, ఎవరిని పై శిక్షణకు పంపాలో ఆమె నిర్ణయించలేదు. అవన్నీ విభాగాధిపతి సంతకంతో జరిగే పనులు. ఆ సంతకం పెట్టే చోట స్త్రీ లేనంతకాలం మన ఇల్లాలి పరదా ఎవరో దయతలచి ఇచ్చే వస్తువుగానే ఉంటుంది.

ఇందులో ప్రభుత్వం బాధ్యత చిన్నది కాదు. గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి చట్టం ప్రకారం అల్ట్రాసౌండు చేసే అర్హత నిర్దేశిత శిక్షణ పొందిన వైద్యులదే. ఆ చట్టం ఆడశిశువును కాపాడటానికి వచ్చినది, దానిని మేము సమర్థిస్తాము. కాని దాని ఫలితంగా డీఎంఐటీ చదివిన అమ్మాయి ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్‌ఐల వద్దనే ఆగుతుంది. ఆమెకు అక్కడి నుంచి పైకి మెట్లు వేయవలసింది ప్రభుత్వమే. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో పార్లమెంటు జాతీయ కమిషన్ చట్టం చేసింది. అందులో ఇమేజింగ్ టెక్నాలజీకి కూడా గుర్తింపు ఉన్నది. గుర్తింపు కాగితం మీద ఉంటే చాలదు. సీనియర్ టెక్నాలజిస్టు, బోధకురాలు, పర్యవేక్షకురాలు అనే పదోన్నతి పోస్టులు జిల్లా ఆసుపత్రులలో మంజూరు కావాలి. ఏఈఆర్‌బీ ఆమోదించే రేడియేషన్ భద్రతాధికారి బాధ్యతకు ఎండీ పట్టా తప్పనిసరి కాదు, అర్హత గల టెక్నాలజిస్టు కూడా దానిని చేపట్టవచ్చు. మన అమ్మాయిలలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

ఇక మన సాకుల సంగతి. "ఎక్స్‌రే గదిలో పని చేస్తే పిల్లలు పుట్టరు" అన్న మాటతో ఎన్ని సంబంధాలు తప్పిపోతున్నాయో! ఈ వృత్తిలో రేడియేషన్ పరిమితి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు. గర్భిణి అని తెలియజేసిన ఉద్యోగిని విషయంలో గర్భస్థ శిశువుకు చేరే మోతాదు మిగిలిన నెలలన్నింటికీ కలిపి 1 మిల్లీసీవర్టు మించరాదు. ఎంత మోతాదు తగిలిందో కొలిచే బ్యాడ్జీ ఛాతీ మీదనే ఉంటుంది. అల్ట్రాసౌండులో, ఎంఆర్‌ఐలో ఆ కిరణాలే లేవు. హిజాబ్ అంటారా? ఎంఆర్‌ఐ గదిలోకి స్కార్ఫుతో వెళ్ళవచ్చు, దాని లోహపు పిన్నుతో మాత్రం వెళ్ళకూడదు. అడ్డంకి పిన్ను వరకే.

రాత్రి డ్యూటీ భయం మాత్రం సాకు కాదు. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో జరిగిన ఘోరం తరువాత ఏ తల్లినీ ఊరక ధైర్యంగా ఉండమనలేము. దానికి మందు తాళం వేసుకోగల విశ్రాంతి గది, కాపలా, ఇంటి వరకు వాహనం. వాటిని ఉద్యోగుల సంఘాలతో కలిసి మనమూ డిమాండు చేయాలి. చదువు మాన్పించడం ఆ భయానికి మందు కాదు.

దీన్ పేరు చెప్పి అడ్డుపడేవారికి ఒక్క మాట. గాయపడిన సహాబాలకు హజ్రత్ రుఫైదా అస్లమియా (రజి) గుడారంలో చికిత్స చేసేవారు. కందక యుద్ధంలో గాయపడిన హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి)ను దైవప్రవక్త (స) ఆమె వద్దకే చేర్పించారు. ఆ గుడారానికి బాధ్యురాలు ఆమే. మనకు గర్వంగా చెప్పుకోవడానికి ఆమె కావాలి, మన కూతురు ఆమె బాటలో నడవడం మాత్రం వద్దు!

దారి లేదనడం కూడా సరికాదు. 2007 చట్టంతో వచ్చి, 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిచిన బీసీ-ఇ 4 శాతం రిజర్వేషన్ ఉన్నది. దానితోపాటు మహిళల కోటా ఉన్నది. ఎండీ రేడియాలజీ సీటుకు దేశమంతటా పోటీ తీవ్రం, నిజమే. అంత దూరం వెళ్ళగల అమ్మాయిని డిగ్రీ పూర్తికాక ముందే నికాహ్ చేసి పంపుతున్నది ఎవరు? పెళ్ళి విందుకు పెట్టే ఖర్చులో సగం ఆమె కోచింగుకు, హాస్టలుకు సరిపోదా?

పలాస, టెక్కలి, ఇచ్ఛాపురం మస్జిద్ కమిటీలను మేము కోరుతున్నది ఇది: ఇంటరులో బైపీసీ చదువుతున్న అమ్మాయిల జాబితా ఈ నెలలోనే రాయండి, కులధ్రువీకరణ పత్రాలు లేనివారికి దరఖాస్తులు పెట్టించండి, పేద అమ్మాయి ఫీజును బైతుల్‌మాల్ నుంచి కట్టండి. ఆసుపత్రుల అధికారులను కోరుతున్నది ఇంకా చిన్నది: స్కాన్ గదిలో మహిళా సిబ్బంది ఉండే రోజులు, వేళలు తలుపు బయట తెలుగులో రాసి పెట్టండి. అక్కుపల్లి నుంచి వచ్చే స్త్రీ ఆ పూట కూలి పోగొట్టుకొని వస్తుంది.