తగ్గిందా? తగ్గించారా?

వార్షికోత్సవ సంచికకు ఇంగ్లీషు గురించి రాయమన్నారు. గ్రామర్ రాస్తామని అనుకున్నట్టున్నారు. మేం ఒక్క మాట గురించే రాస్తున్నాం. ఆ మాట 'తగ్గుట'.

పదో తరగతిలో మేం బట్టీ పట్టిన గైడులో డిక్రీజ్ అంటే తగ్గుట. డిమినిష్ అన్నా తగ్గుట. డిక్లైన్, డ్విండిల్, సబ్‌సైడ్, వేన్, అన్నిటికీ ఎదురుగా అదే తగ్గుట. అన్నిటికీ ఒకటే అర్థమైతే ఇన్ని మాటలు ఎందుకని మేం ఏ రోజూ అడగలేదు. క్లాసులో అడగాలంటే భయం. ఇంట్లో అడుగుదామంటే మా ఇళ్లలో డిగ్రీ మొహం చూసింది మాతోనే మొదలు. పీజీకి వచ్చి, పోటీ పరీక్షల పుస్తకాలు పట్టుకున్నాక తెలిసిందేమంటే, ఆ తేడాలన్నీ మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నాయి. గైడు రాసినాయన మన ఊర్లకు రాలేదంతే.

పులివెందుల వైపు చీనీ తోటల్లో బోరు వేసిన రోజు రెండించుల నీళ్లు పడినాయని సంబరపడతారు. కొన్నేళ్లకు అది ఇంచి అవుతుంది, తర్వాత అర ఇంచి. భూమిలో ఉన్నది తోడుకుంటూ పోతే అడుగంటడం డిప్లీట్. పైపు నీళ్లు సన్నగిల్లి, ఆగి ఆగి వచ్చి, చివరకు గాలి కక్కి నిలిచిపోవడం పీటర్ ఔట్. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు దగ్గర పెన్నకు వరద వచ్చి నెమ్మదించడం సబ్‌సైడ్. ముందు పొంగినదానికే ఆ మాట. పున్నమి దాటినాక చంద్రుడు తరగడం వేన్. యాభై గొర్రెల మంద ముప్పై అయి, పన్నెండు అయితే డ్విండిల్. చెల్లెలి జడ కొసకు పోయేకొద్దీ సన్నబడటం టేపర్. డాక్టరు కొన్ని మాత్రలను ఒక్కసారిగా ఆపొద్దు, కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రమ్మంటాడే, దానికీ టేపరే అంటారు.

1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన బ్రౌను దొర ఇక్కడ తెలుగు నేర్చుకొని తర్వాత నిఘంటువులు కట్టాడు. ఆయనకు తెలియని భాషను మన జనం దగ్గర నేర్చుకోవడానికి నామోషీ లేకపోయింది. ఇంగ్లీషు నేర్చుకోవడానికి మన అవ్వల మాటలు పనికిరావని మనకు మాత్రం ఎవరో చెప్పి పెట్టారు.

ఇంకో చిక్కు బై, టు. మైలవరం జలాశయానికి, పులివెందుల బ్రాంచి కాలువకు నీళ్లు తుంగభద్ర ఎగువ కాలువ నుంచి రావాలి. ఆ డ్యాములో 1953లో 133 టీఎంసీలు పట్టేవి. పూడిక చేరి చేరి ఇప్పుడు లెక్క 105.78. అంటే సుమారు 27 టీఎంసీలు తగ్గింది, అది బై. 105కు తగ్గింది, అది టు. తెలుగులో 'కు' ఉన్నచోట టు పెడితే తప్పు పోదు. పరీక్షలో మేం పోగొట్టుకున్న మార్కులు ఇంత చిన్న సంగతికే.

అదే డ్యాముకు 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోతే పేపర్లన్నీ మొదటి పేజీలో వేశాయి. వేయాల్సిందే. కానీ డెబ్బై ఏళ్లుగా చేరిన పూడిక ఒక్క రోజన్నా అంత పెద్ద అక్షరాలకు నోచుకోలేదు. మెల్లగా తగ్గేదాని గతి అంతే. ఎవరి కంటికీ ఆనదు, కాబట్టి ఎవరూ జవాబు చెప్పరు.

మన మెస్సు సంగతే చూడండి. మెస్ చార్జీ రూపాయల్లో తగ్గదు. అదే అంకె ఏళ్ల తరబడి ఉంటుంది, బయట కందిపప్పు ధర మాత్రం పెరుగుతుంది. అప్పుడు గిన్నెలో పప్పు పలచబడుతుంది. దీన్ని ఇంగ్లీషులో వేల్యూ ఎరోడ్ అవడం అంటారు, గట్టు మట్టి వానకు కోసుకుపోయినట్టు. డిక్రీజ్ అని రాస్తే 'ఎక్కడ తగ్గించాం, కాగితం చూపండి' అంటారు. ఎరోడ్ అని రాస్తే ధరల పట్టిక పక్కన పెట్టి మాట్లాడవచ్చు.

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం మాత్రం వేరే ఉంది. ఊరి పేరు వద్దు, ఒక హాస్టల్‌ను ఇంకో హాస్టల్లో కలిపేస్తూ కాగితం వచ్చింది. స్ట్రెంత్ క్రమంగా డిక్లైన్ అయింది కాబట్టి కలుపుతున్నాం అని దాని సారాంశం. చదువుకున్నోళ్లు కదా చెప్పండి అని తల్లిదండ్రులు మా చేతికిచ్చారు. "పిల్లోళ్లు తగ్గిపోయినారంట" అన్నాం. ఒక పెద్దాయన తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుంటూ అన్నాడు: "తగ్గిపోయినారా, తగ్గిచ్చినారా? సరిగ్గా చదువబ్బీ."

మాకు నోట మాట రాలేదు. ఎందుకంటే వంటమనిషి మానుకున్నాక ఇంకొకర్ని వేయలేదు. స్నానాల గదులకు తలుపులు ఊడిపోతే బిగించలేదు. మోటారు కాలిపోయి పిల్లలు బిందెలతో నీళ్లు మోశారు. ఒక్కొక్కరే ట్రంకుపెట్టె తీసుకొని ఇంటికి పోయారు. డిక్లైన్ అంటే దానంతట అది వాలిపోవడం. ఇక్కడ జరిగింది అది కాదు. చూసుకోకుండా వదిలేసి పాడు కానివ్వడాన్ని రన్ డౌన్ అంటారు. ఒక పద్ధతి పెట్టుకొని దశలవారీగా ఎత్తేస్తే ఫేజ్ ఔట్. ఖాళీ అయిన ఉద్యోగాలు నింపకుండా మనుషుల్ని తగ్గించుకుంటే అట్రిషన్. ఆ రోజు ఈ మాటలు మాకు అందలేదు. అర్జీలో మేమూ డిక్లైన్ అనే రాసి, దయచేసి కలపవద్దని వేడుకున్నాం. వాళ్ల మాట ఒప్పుకొని వాళ్లనే బతిమాలినట్టయింది. ఫలితం ఏమై ఉంటుందో మీకే తెలుసు.

ఇంగ్లీషు మీడియమా, తెలుగు మీడియమా అని మన హాస్టల్ మీటింగుల్లో గంటలు గంటలు కొట్లాడుకుంటాం. ఆ కొట్లాట ఉండనీయండి. కాగితం మీద చేసినవాడు కనపడకుండా రాసిన వాక్యాన్ని పట్టుకోవడం రెండు మీడియాల వాళ్లకూ కావాలి.

రీడింగ్ రూములో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాం. ఎడమ పేజీలో ఇంటి మాట, కుడి పేజీలో ఇంగ్లీషు మాట. ఇప్పటికి నలభై దాకా వచ్చాయి. 'చిక్కిపోవడం'కు, 'సద్దుమణగడం'కు మేం రాసినవి సరిపోయాయో లేదో పూర్వ విద్యార్థులు ఒకసారి చూడాలి. 'వడలిపోవడం' ఎదురు పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.