బార్లో ఎమ్మార్పీ చెల్లదా?



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బార్లలో ఎమ్మార్పీకి మించి వసూలు చేయడం నేరమన్న మరో పాఠకుడి లేఖతో సగమే ఏకీభవిస్తాను. మన దగ్గర ‘వైన్స్’ అంటే సీసా అమ్మే దుకాణం (అక్కడ ద్రాక్ష సారా అడిగేవారు అరుదే అనుకోండి). అక్కడ ఎమ్మార్పీ దాటకూడదు. బార్ లెక్క వేరు. 2017 డిసెంబర్ 12న సుప్రీంకోర్టు, హోటళ్లలో నీళ్ల సీసా ధరపై తీర్పిస్తూ, అక్కడ జరిగేది ఒట్టి అమ్మకం కాదు, కుర్చీ, బల్ల, వడ్డన కలిసిన సేవ అంది. బార్‌ కూడా అంతే: సీసా అదే అయినా అద్దె, జీతాలు, లైసెన్సు ఫీజు బార్ యజమానే భరించాలి కదా.

అలాగని ఎంతైనా గుంజుకోవచ్చా అంటారేమో. ఇష్టం లేనివాడు వైన్స్‌కు వెళ్తాడన్న జవాబు నాకూ చాలదు. రేటు ముందే తెలిస్తేనే కదా ఎంచుకునేది! పెగ్గు ఎన్ని మిల్లీలీటర్లో, ధరెంతో మెనూలో ఉండాలి. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు, కాబట్టి తిండి మీది జీఎస్టీని మందుకూ కలిపి వేస్తే నిలదీయాలి. సర్వీస్ చార్జీ తప్పనిసరి కాదని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా తేల్చింది. తనిఖీకి వచ్చే ఎక్సైజ్ అధికారులు ముందు ఆ మెనూ కార్డు, బిల్లు పుస్తకం అడిగి చూడాలి.

– ఒక పాఠకుడు, వనపర్తి